ఫ్యాన్ గేమ్‌లో పరుగు అసలు ఆటలా ఎందుకు అనిపించదు? ఇంజిన్ మార్చాలా?

మీ ప్రశ్న సారాంశం ఇది: సెగా సంస్థ తొలినాటి సోనిక్ ఆటల (వేగంగా పరుగెత్తే ముళ్లపంది పాత్ర ఆటల) స్ఫూర్తితో ఒక ఫ్యాన్ గేమ్‌ను, అంటే అభిమానిగా సొంతంగా చేసే ఆటను, గోడో ఇంజిన్‌లో (ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో) తయారు చేస్తున్నారు. అది పరుగెత్తుతూ, ఎగురుతూ సాగే ప్లాట్‌ఫార్మర్. నాలుగు జోన్లకు (ఆటలోని ప్రాంతాలకు) బొమ్మలు దాదాపు సిద్ధమయ్యాయి. అయితే పాత్ర వాలు దిగుతున్నప్పుడు గానీ, లూప్ (నిలువు వలయంలా తిరిగే దారి) ఎక్కుతున్నప్పుడు గానీ అసలు ఆటలో ఉండే పట్టు రావడం లేదు. ఇంజిన్ మార్చాలా అని, విడుదల చేశాక హక్కుదారు సంస్థ ఆపివేయిస్తే ఎలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇంజిన్ మార్చనవసరం లేదు. ఆ ఇంజిన్ సిద్ధంగా ఇచ్చిన కదలిక పద్ధతిని పక్కనపెట్టి, పాత్ర కదలికను మీరే రాసుకోవాలి. రెండో ప్రశ్నకు జవాబు: ఆపివేయించే హక్కు వారికి ఎప్పుడూ ఉంటుంది, ఉచితంగా పంచినంత మాత్రాన ఆ హక్కు తొలగిపోదు. అందుచేత పేరును, పాత్రను, బొమ్మలను తీసివేసినా నిలబడగలిగేలా ఆటను మొదటినుంచే కట్టుకోవాలి. నా దృష్టిలో ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి ముడిపడినవే, ఎందుకంటే అరువు తెచ్చుకున్నవన్నీ వదులుకోవలసి వచ్చిన రోజున మీ చేతిలో మిగిలేది మీరు స్వయంగా రాసిన కదలిక, మీరు స్వయంగా కట్టిన లెవల్ మాత్రమే. నేను చాలాకాలంగా ఇటువంటి ఆటల్లో కదలికల కోడ్, లెవల్ డిజైన్ పనులు చేస్తున్నాను. ఆ అనుభవం నుంచే కింది వివరాలు రాస్తున్నాను.

గోడోలోని క్యారెక్టర్ బాడీ, అంటే పాత్రను కదిలించడానికి ఇంజిన్ సిద్ధంగా ఇచ్చే భాగం, సాధారణ ప్లాట్‌ఫార్మర్ల కోసం తయారైనది. అందులో నేలగా గుర్తించే గరిష్ఠ కోణం మీరు మార్చకపోతే 45 డిగ్రీలు. అంతకన్నా నిటారుగా ఉన్నదాన్ని అది గోడగా లెక్కిస్తుంది, కాబట్టి లూప్‌లో పావు వంతు కూడా ఎక్కకముందే మీ పాత్ర గోడకు గుద్దుకున్నట్లు ఆగిపోతుంది. నేలకు అతుక్కునే దూరం కూడా మొదట్లో 1 పిక్సెల్ మాత్రమే ఉంటుంది. ఫ్రేముకు (తెరపై ఒక్కో చిత్రం మారే వ్యవధికి) పది పిక్సెళ్ల వేగంతో గుట్ట శిఖరం దాటే పాత్ర ఆ దూరంతో నేలను పట్టుకోలేక గాలిలోకి లేచిపోతుంది. ఈ రెండు విలువలను పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పెంచితే లక్షణాలు కొంత తగ్గుతాయే గాని రోగం పోదు, ఎందుకంటే అసలు తేడా వేగాన్ని దాచుకునే తీరులోనే ఉంది.

సాధారణ ప్లాట్‌ఫార్మర్‌లో పాత్రకు అడ్డంగా ఒక వేగం, నిలువుగా ఒక వేగం ఉంటాయి. 1991లో సెగా వారి మెగా డ్రైవ్ అనే ఆట యంత్రం మీద వచ్చిన మొదటి సోనిక్ ఆటలో నేల మీద ఉన్నంతసేపు పాత్రకు ఉండేది ఒకే వేగం. అది నేల వెంబడి ఉండే వేగం. నేల ఏ కోణంలో వంగితే వేగం ఆ కోణంలోకి తిరుగుతుంది. ప్రతి ఫ్రేములో ఆ ఒక్క సంఖ్యను కోణపు కొసైన్‌తో గుణించి అడ్డ వేగాన్ని, సైన్‌తో గుణించి నిలువు వేగాన్ని రాబట్టుకుంటారు. పాత్ర గాలిలోకి లేచినప్పుడే ఆ రెండు వేగాలు విడివిడిగా బతకడం మొదలుపెడతాయి. లూప్ సాధ్యమైనది ఈ ఏర్పాటు వల్లనే: పాత్ర తలకిందులుగా ఉన్నా లెక్కకు సంబంధించినంతవరకు అది ఇంకా ముందుకే పరుగెత్తుతోంది.

వాలు ప్రభావం కూడా ఈ ఒక్క సంఖ్య మీదే పనిచేస్తుంది. పరుగెడుతున్నప్పుడు ప్రతి ఫ్రేములో 0.125ను కోణపు సైన్‌తో గుణించి నేల వేగం నుంచి తీసివేస్తారు. ఎక్కుతుంటే వేగం తగ్గుతుంది, దిగుతుంటే పెరుగుతుంది. మిగతా విలువలను అభిమానులు ఏనాడో విప్పిచూసి, సోనిక్ రెట్రో వికీలోని ఫిజిక్స్ గైడ్‌లో వివరంగా నమోదు చేశారు. మీకు వెంటనే కావలసినవి ఇవి: పరుగు త్వరణం ఫ్రేముకు 0.046875, బటన్ వదిలినప్పటి ఘర్షణ కూడా అంతే, వ్యతిరేక దిశ నొక్కినప్పుడు పడే బ్రేకు 0.5, పరుగుతో మాత్రమే చేరగల గరిష్ఠ వేగం 6, గురుత్వాకర్షణ 0.21875, జంప్ వేగం 6.5, గాలిలో త్వరణం 0.09375. ఇవన్నీ సెకనుకు 60 ఫ్రేముల లెక్కలో, పిక్సెళ్లలో చెప్పినవి. ఈ భిన్నాలు ఇంత విచిత్రంగా ఉండడానికి కారణం ఆ యంత్రం పిక్సెల్‌ను 256 భాగాలుగా విభజించి లెక్కించడమే, 0.046875 అంటే అందులో 12 భాగాలు, 0.21875 అంటే 56 భాగాలు.

ఇక్కడే గోడో వాడేవారు తరచుగా తడబడతారు. గోడోలో వేగం సెకనుకు పిక్సెళ్లలో ఉంటుంది, కాబట్టి వేగాలను 60తో ఒకసారి గుణిస్తే చాలు, కాని త్వరణాలను 60తో రెండుసార్లు గుణించాలి. అంటే గరిష్ఠ వేగం 360, జంప్ వేగం 390 అయితే, పరుగు త్వరణం 168.75, గురుత్వాకర్షణ 787.5, వాలు విలువ 450, బ్రేకు 1800 అవుతాయి. గోడో తనంతట తాను ఇచ్చే గురుత్వాకర్షణ 980. దాన్ని అలాగే ఉంచి జంప్ వేగాన్ని మాత్రం 390గా పెట్టుకుంటే పాత్ర ఎగిరే ఎత్తు సుమారు 96 పిక్సెళ్లకు బదులు 78 దగ్గరే ఆగిపోతుంది. 16 పిక్సెళ్ల గడుల మీద కట్టిన లెవల్‌లో ఆరు గడుల ఎత్తు ఎక్కగలగడానికీ ఐదు గడులు కూడా ఎక్కలేకపోవడానికీ ఉన్న తేడా ఇది. ఈ కోడ్ మొత్తాన్ని సెకనుకు స్థిరంగా 60 సార్లు నడిచే ఫిజిక్స్ ప్రాసెస్‌లోనే ఉంచండి. తెర ఎంత వేగంగా మారితే అంత వేగంగా నడిచే చోట పెట్టారంటే ఒక్కొక్కరి యంత్రం మీద ఒక్కో రకమైన ఆట తయారవుతుంది.

విలువలన్నీ సరిగ్గా పెట్టాక మీకు తప్పకుండా ఒక అనుమానం కలుగుతుంది: పాత్ర మరీ మెల్లగా వేగం పుంజుకుంటోందేమిటని. ఆ అనుమానం లెక్క ప్రకారం నిజమే. నిలబడి ఉన్న పాత్ర 6 వేగాన్ని చేరడానికి 128 ఫ్రేములు, అంటే రెండు సెకన్లకు కొంచెం పైన పడుతుంది. ఆలోగా అది పరుగెత్తే దూరం 380 పిక్సెళ్లకు పైగా ఉంటుంది, మెగా డ్రైవ్ తెర వెడల్పేమో 320 పిక్సెళ్లే. ఫ్యాన్ ఆటల్లో నేను చూసిన అత్యంత సాధారణమైన మార్పు ఈ త్వరణాన్ని రెట్టింపో మూడింతలో చేయడం. వేగానికి పేరుపడ్డ పాత్ర వెంటనే వేగంగా పరుగెత్తాలన్నది అందుకు చెప్పే సమర్థన. దయచేసి ఆ పని చేయకండి. సమతలం మీదనే వేగం ఉచితంగా దొరికినప్పుడు వాలుకు పని ఉండదు. వాలుకు పని లేనప్పుడు మీ లెవల్‌లోని గుట్టలన్నీ అలంకారంగా మిగిలిపోతాయి. ఆ ఆటల్లో వేగం ఆటగాడు నేల నుంచి సంపాదించుకునేది, బటన్ నొక్కితే వచ్చిపడేది కాదు.

ఒక బృందంతో పనిచేసినప్పుడు ఇదే విషయం మీద పెద్ద చర్చ జరిగింది. ఆడిచూసినవారందరూ ఆరంభం నీరసంగా ఉందన్నారు, బృందంలో ఎక్కువమంది త్వరణం పెంచుదామన్నారు. నేను విలువలను ముట్టుకోకుండా, పాత్ర మొదట నిలబడే చోటును కొంచెం ఎత్తుకు జరిపి, దాని ముందు ఒక పొడవైన మెల్లని దిగుడు వాలును, దాని చివర చిన్న ఎగుడును గీశాను. ఆ తరువాత ఆడినవారిలో ఎవరూ నీరసమనే మాట ఎత్తలేదు. త్వరణం విలువ ఏమాత్రం మారలేదని చెబితే కొందరు నమ్మలేదు కూడా. కదలిక గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి పరిష్కారం నేలలో ఉంటుందని అప్పటినుంచి నేను గట్టిగా చెబుతూ వస్తున్నాను.

ఇక బంతిలా చుట్టుకొని దొర్లడం. నా అభిప్రాయంలో ఆ శ్రేణి ఆత్మ అంతా ఇందులోనే ఉంది, ఫ్యాన్ ఆటల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. దొర్లుతున్నప్పుడు ముందుకు నొక్కినా వేగం పెరగదు. ఘర్షణ పరుగులో ఉండేదానిలో సగమే. వాలు విలువ మాత్రం దిగేటప్పుడు 0.3125కు పెరుగుతుంది, ఎక్కేటప్పుడు 0.078125కు తగ్గుతుంది. 45 డిగ్రీల వాలు మీద అర సెకను దిగితే, ఘర్షణను పక్కనపెట్టి చూసినప్పుడు, పరుగెత్తే పాత్రకు వాలు ఇచ్చే వేగం సుమారు 2.65, దొర్లే పాత్రకు ఇచ్చేది సుమారు 6.6. ఎక్కేటప్పుడు దొర్లే పాత్ర నష్టపోయేది తక్కువ. అంటే ఆటగాడు తన అదుపును కొంత వదులుకొని దానికి బదులుగా వేగాన్ని కొనుక్కుంటున్నాడు. దిగుడు మొదలైన చోట కిందికి నొక్కాలని ఎవరూ చెప్పకుండానే ఆటగాడికి తెలిసివచ్చే క్షణం కోసమే లెవల్‌ను కట్టాలి. పరుగుకు, దొర్లడానికి ఒకే వాలు విలువను వాడితే ఆ క్షణం ఎప్పటికీ రాదు. 1992లో రెండో ఆటలో వచ్చిన స్పిన్ డాష్ (ఉన్నచోటే బంతిలా గిర్రున తిరిగి దూసుకుపోయే కదలిక) నిలబడిన చోటి నుంచే వేగాన్ని ఇస్తుంది గనుక, దాన్ని చేర్చినవారు లెవల్ కట్టేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. ప్రతి గుట్టనూ స్పిన్ డాష్‌తోనే దాటించగలిగితే ఆటగాడు వాలులను చూడడం మానేస్తాడు.

ఒక ఆటను ఎవరైనా నాకు పరీక్షించమని పంపితే నేను మొదట చూసేది గాలిలో నుంచి వాలు మీద దిగినప్పుడు ఏమవుతుందన్నది. చాలా ఆటల్లో పాత్ర నిటారు వాలు మీద పడి, కింద పడే వేగమంతా పోగొట్టుకొని, అక్కడినుంచి మళ్లీ మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. అసలు ఆట ఆ వేగాన్ని పారేయదు. నేల దాదాపు చదునుగా ఉంటే, అంటే సుమారు 23 డిగ్రీల లోపు ఉంటే, అడ్డ వేగమే నేల వేగం అవుతుంది. అక్కడినుంచి 45 డిగ్రీల వరకు, పాత్ర అడ్డంగా కన్నా కిందికి ఎక్కువ వేగంతో వస్తుంటే, నిలువు వేగంలో సగాన్ని వాలు దిశలో నేల వేగంగా మారుస్తారు. అంతకన్నా నిటారు వాలు అయితే, అదే షరతుతో, నిలువు వేగం మొత్తం నేల వేగంగా మారుతుంది. ఎత్తు నుంచి వాలు మీదికి దూకి, దిగడంతోనే దూసుకుపోవడమనే ఆనందానికి మూలం ఈ మూడు షరతులే. కోడ్‌లో పది పంక్తులకు మించవు. మీరు వర్ణించిన లక్షణాలను బట్టి చూస్తే మీ ఆటలో లేనిది ఇదేనని నాకు గట్టి అనుమానం.

జంప్ గురించి రెండు మాటలు చాలు. అది ఎప్పుడూ నేలకు లంబంగా జరుగుతుంది. వాలు మీద నిలబడి ఎగిరితే నేరుగా పైకి కాకుండా వాలు నుంచి దూరంగా ఏటవాలుగా వెళ్లాలి. బటన్‌ను తొందరగా వదిలితే, పైకి వెళ్లే వేగం ఇంకా 4 కన్నా ఎక్కువగా ఉంటే దాన్ని 4కు తగ్గించాలి, సున్నా చేయకూడదు.

లూప్ విషయానికి వస్తే, మీరు భౌతిక ఆకృతులతో గుద్దించే పద్ధతిని వదిలి సెన్సర్ల పద్ధతికి మారాలి. పాత్ర పాదాల దగ్గర రెండు, తలకు రెండు, పక్కలకు రెండు చొప్పున గీతలు వేసి, పాదాల గీతల్లో ఏది దగ్గరి నేలను కనుగొంటే దాని ఎత్తును, కోణాన్ని తీసుకుంటారు. నేల కోణం 45 డిగ్రీలు దాటగానే ఈ గీతల సమూహమంతా 90 డిగ్రీలు తిరిగి కుడి గోడను నేలగా చూస్తుంది, ఆపైన పైకప్పును, ఆపైన ఎడమ గోడను. పాదాల గీతలు 14 పిక్సెళ్ల దూరం వరకు నేలను పట్టుకోగలవు; గుట్ట శిఖరం దాటినప్పుడు పాత్ర అతుక్కొని ఉండడానికి కారణం అదే. నిటారు గోడ మీదో పైకప్పు మీదో ఉండగా వేగం 2.5 కన్నా తగ్గితే పాత్ర పట్టు వదిలి పడిపోవాలి, ఆపైన 30 ఫ్రేముల పాటు ఎడమ కుడి బటన్లు పనిచేయకూడదు. ఈ అరసెకను తాళం లేకపోతే ఆటగాడు నిటారు వాలును పట్టుకొని గింజుకుంటూ కాస్త కాస్తగా పైకి పాకేస్తాడు. లూప్‌లో లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి ఒకే చోట ఒకదానినొకటి దాటుతాయి గనుక, రెండో ఆట నుంచి వాడిన రెండు కొలిజన్ పొరల (పాత్ర తాకగల నేలను నిర్ణయించే పొరల) పద్ధతినే మీరూ వాడండి: కంటికి కనిపించని మీటలు లూప్ అడుగునా శిఖరానా ఉండి, పాత్ర వాటిని దాటినప్పుడు ఒక పొర నుంచి మరో పొరకు మారుస్తాయి. మొదటి ఆటలో లూప్ ఉన్న 256 పిక్సెళ్ల ముక్కనే మరో ముక్కతో మార్చేవారు. ఈనాడు ఆ తిప్పలు పడనవసరం లేదు.

ఇవన్నీ రాసేటప్పుడు మీ జోన్ల బొమ్మలను తెరవకండి. ఒక పరీక్షా లెవల్ మాత్రం చేసుకోండి, అందులో వరుసగా ఒక పొడవైన చదును నేల, ఒక మెల్లని దిగుడు, ఒక 45 డిగ్రీల దిగుడు, ఒక గుండ్రని గుట్ట, నిటారుగా పైకి లేచే పావు వృత్తం, ఒక పూర్తి లూప్ ఉంటే చాలు. తెర మూలలో నేల వేగాన్ని, కోణాన్ని, ఏ దిశను నేలగా చూస్తోందన్నదాన్ని ఎప్పటికప్పుడు ముద్రించండి. బూడిద రంగు పెట్టెలా ఉన్న పాత్రతో ఆ గుట్టల మీద ఊరికే అటూ ఇటూ తిరగడం సరదాగా అనిపించేంతవరకు ముందుకు వెళ్లవద్దు. ఏ బొమ్మా లేకుండానే సరదాగా లేని కదలికను నాలుగు జోన్ల బొమ్మలు రక్షించలేవు.

ఒక మినహాయింపు చెప్పాలి. పై విలువలు ఆ ఒక్క శ్రేణికి సంబంధించినవి. వాటిని ప్రతి పాత ఆటకూ సూత్రంగా తీసుకోకూడదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో బటన్ నొక్కి ఉంచినంతసేపు గురుత్వాకర్షణ తక్కువగా ఉంటుంది, పరుగు వేగాన్ని బట్టి ఎగిరే తీరు మారుతుంది. మెగా మ్యాన్ ఆటల్లో దాదాపు జడత్వమే ఉండదు. బటన్ వదిలితే పాత్ర అక్కడికక్కడే ఆగుతుంది, ఆ ఆటల కష్టమంతా ఆ కచ్చితత్వం మీదే ఆధారపడి ఉంది. ఏ శ్రేణి నుంచి స్ఫూర్తి పొందుతున్నారో ఆ శ్రేణి దేన్ని ఆటగాడి చేతిలో పెట్టింది, దేన్ని లాక్కుంది అన్నది ముందు కనుక్కోవాలి. అలాగని అసలు ఆటలోని ప్రతి కాఠిన్యాన్నీ కాపీ కొట్టాలని నేననను. అంచు దాటిన తరువాత కూడా క్షణకాలం జంప్‌ను అంగీకరించే వెసులుబాటు 2018 నాటి సెలెస్ట్ అనే ఆటలో సుమారు 0.1 సెకను ఉంటుంది. పాత సోనిక్ ఆటల్లో అది లేదు, కాని మీ ఆటలో నాలుగైదు ఫ్రేములు పెడితే ఎవరికీ తెలియదు, అందరికీ మేలు జరుగుతుంది.

కెమెరాను కూడా కదలికలో భాగంగానే చూడాలి. పాత ఆటల తెర 320 అడ్డం 224 నిలువు; 2017లో వచ్చిన సోనిక్ మేనియా 424 అడ్డం 240 నిలువు వాడింది. ఫ్రేముకు 16 పిక్సెళ్ల వేగంతో పోయే పాత్ర ఆ 424 పిక్సెళ్లను అర సెకను కూడా పట్టకుండా దాటేస్తుంది, పైగా పాత్ర తెర మధ్యలో ఉంటుంది గనుక ఎదురుగా వచ్చేదాన్ని చూసి స్పందించడానికి ఉన్న సమయం అందులోనూ సగమే. 1993 నాటి సోనిక్ సీడీలో వేగం పెరిగినప్పుడు కెమెరా 64 పిక్సెళ్లు ముందుకు జరిగేది ఈ కారణంగానే. వేగంగా పోయే దారి చివర శత్రువునో ముళ్లనో పెట్టే లెవల్ డిజైనర్ ఆటగాడిని పరీక్షించడం లేదు, శిక్షిస్తున్నాడు. పొరపాటు చేసినవాడు పై దారి నుంచి కింది దారికి పడాలి, ప్రాణం పోగొట్టుకోకూడదు. ఆ ఆటల లెవళ్లు ఒకదానిపై ఒకటిగా పలు దారులతో ఉండడంలోని ప్రయోజనం అదే: పై దారి నిలబెట్టుకోవడం కష్టం కాని వేగవంతం, కింది దారి నిదానం కాని క్షేమం. నేల మీద బాణం గుర్తుతో పాత్రను తోసేసే పలకలను వీలైనంత తక్కువగా వాడండి. అవి ఉన్నచోట ఆటగాడు చేసే పని ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నేను న్యాయవాదిని కాను, కాని ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. పాత్ర, దాని బొమ్మ, సంగీతం, పేరు హక్కుదారువి. కదలిక సూత్రాలు, ఆట నియమాలు సాధారణంగా కాపీరైట్ పరిధిలోకి రావు. ఫ్యాన్ ఆట బతికేది హక్కుదారు సహనం మీద, ఆ సహనం సంస్థను బట్టి మారుతుంది. మారియో, మెట్రాయిడ్ ఆటల హక్కుదారైన నింటెండో ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. మిల్టన్ గ్వాస్తి అనే అభిమాని ఏళ్ల తరబడి శ్రమించి రెండో మెట్రాయిడ్ ఆటను పునర్నిర్మించి 2016 ఆగస్టులో విడుదల చేస్తే, కొద్ది రోజుల్లోనే డౌన్‌లోడ్ లంకెలను తొలగించవలసి వచ్చింది. అదే ఏడాది గేమ్ జోల్ట్ అనే వేదిక నుంచి నింటెండో ఫిర్యాదుతో 562 ఫ్యాన్ ఆటలు ఒక్కసారిగా తొలగిపోయాయి. మరోవైపు మెగా మ్యాన్ హక్కుదారైన క్యాప్‌కామ్ ఒక సింగపూర్ అభిమాని తయారు చేసిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ మెగా మ్యాన్‌ను 2012 డిసెంబరులో తానే అధికారికంగా, ఉచితంగా విడుదల చేసింది.

సోనిక్ హక్కుదారైన సెగా ఈ విషయంలో ఉదారమైనదనే పేరు పొందింది, ఆ పేరుకు ఆధారాలు లేకపోలేదు. క్రిస్టియన్ వైట్‌హెడ్ మొదట రెట్రో సోనిక్ అనే ఫ్యాన్ ఆట మీద పనిచేశాడు, తన సొంత ఇంజిన్‌తో సోనిక్ సీడీని ఐఫోన్‌లో నడిపి 2009లో చూపించాడు, 2011లో సెగా ఆ రూపాన్నే అధికారికంగా విడుదల చేసింది. చివరికి సోనిక్ మేనియా ఆయన నాయకత్వంలో, ఫ్యాన్ ఆటల నుంచి వచ్చిన మరికొందరి సహకారంతో తయారైంది. అయితే ఈ కథను మాత్రమే చెప్పి ధైర్యం ఇచ్చేవారి మాట వినకండి. సుమారు ఎనిమిదేళ్లు శ్రమించి తయారు చేసిన స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్‌ను 2011లో, విడుదలైన కొద్ది రోజులకే, ఆపమన్నది కూడా ఇదే సెగా. అది ప్లాట్‌ఫార్మర్ కాదు, కొట్లాట ఆట, కాని సహనానికి హామీ లేదన్న విషయాన్ని అది బాగానే చెబుతుంది.

అందువల్ల నేను పాటించే పద్ధతి ఇది. డబ్బు ఏ రూపంలోనూ తీసుకోను, విరాళాల పేరుతో కూడా. పాత ఆటల నుంచి తీసిన స్ప్రైట్లను (పాత్రల, వస్తువుల బొమ్మలను), పాటలను పరీక్షా దశలో తప్ప వాడను. డీకంపైల్ చేసిన, అంటే ఆట నుంచి తిరిగి విప్పి రాబట్టిన, అధికారిక కోడ్‌ను అస్సలు ముట్టుకోను. విలువలను తెలుసుకోవడం వేరు, కోడ్‌ను ఎత్తుకురావడం వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత్రకు సంబంధించినవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, కదలిక కోడ్‌లో ఎక్కడా ఆ పాత్ర పేరు రానివ్వను. లెవళ్లలో కూడా రింగులకు, పెట్టెలకు, శత్రువులకు సాధారణ పేర్లే పెడతాను. ఒకసారి మా పరిచయంలోని బృందానికి హక్కుదారు నుంచి ఉత్తరం వచ్చినప్పుడు, వారి కోడ్‌లో ఈ విభజన ఉండడం వల్లనే కొత్త పాత్రతో, కొత్త పేరుతో తిరిగి నిలబడగలిగారు. ఫ్రీడమ్ ప్లానెట్ కూడా సోనిక్ ఫ్యాన్ ఆటగానే మొదలై, సొంత పాత్రలకు మారి 2014లో వాణిజ్యపరంగా విడుదలైంది. మారియో అభిమానుల కోసం సూపర్ మారియో బ్రోస్ ఎక్స్‌ను తయారు చేసిన ఆండ్రూ స్పింక్స్ అది వదిలాక 2011లో టెర్రేరియాను తెచ్చాడు. ఫ్యాన్ ఆటలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, బొమ్మలూ పేర్లూ పోతాయి.

చివరిగా మీ నాలుగు జోన్ల విషయం. మూడింటిని పక్కన పెట్టండి. మిగిలిన ఒక జోన్‌లో ఒకే ఒక్క ఆక్ట్‌ను (జోన్‌లోని ఒక భాగాన్ని) పూర్తిగా, సంగీతంతో, ముగింపుతో, మెనూతో సహా పూర్తిచేసి చూపండి. సోనిక్ ఫ్యాన్ ఆటల కోసమే 2000 నుంచి నడుస్తున్న సేజ్ ప్రదర్శనలో డెమోలను చూపించే వీలుంది, అక్కడికి వచ్చేవారు వాలు మీద పాదం ఎలా పడుతోందో చూసి మరీ చెబుతారు. ఆడేవారి పక్కన కూర్చుంటే ఏమీ మాట్లాడకండి. వారు ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిరిగారో రాసుకోండి. బొమ్మలు వృథా అవుతాయని బాధపడవలసిన పని లేదు, అయితే కదలిక మారాక గుట్టల కొలతలు మారతాయి గనుక నేల టైళ్లను మాత్రం చాలావరకు తిరిగి గీయవలసి రావచ్చు. వెనుక దృశ్యాలు అలాగే పనికొస్తాయి.

పరీక్షా లెవల్ తయారయ్యాక, తెరపై వేగం, కోణం ముద్రించి ఉన్న వీడియోను ఇక్కడే పెట్టండి. 45 డిగ్రీల వాలు మీదికి ఎత్తు నుంచి ఒకసారి నిలువుగా దూకి, మరోసారి పరుగెత్తుతూ వచ్చి దూకి చూపించండి. దిగిన ఫ్రేములోనూ దాని తరువాతి ఫ్రేములోనూ ఉన్న నేల వేగాలను పక్కపక్కన చూస్తే మూడు షరతుల్లో ఏది పనిచేయడం లేదో చెప్పగలను.